డి.వి.సి. వేస్తున్నారా? ముందు కాగితాలు దగ్గర పెట్టుకోండి

వకీలు గుమాస్తాని. నా పగలంతా కోర్టు కాపీ సెక్షన్ చుట్టూ తిరగడంతోనే సరిపోతుంది. గృహహింస కేసు (డి.వి.సి. అంటే ఇదే) వేయడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "మా దగ్గర సాక్ష్యం ఏముందన్నా?" ఉంటుంది. చాలామంది చేజేతులా పోగొట్టుకుంటారు.

ఒకమ్మాయి వాట్సాప్ తిట్లన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, కలర్ ప్రింట్లు కొట్టించి తెచ్చింది. ఫోనేదమ్మా అంటే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేశానంది! ఆ ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఫోన్‌లో ఉన్నదే ప్రింట్ తీశామనే ధ్రువీకరణ) జత చేయాలి. అవతలి వకీలు అసలు ఫోన్ చూపించమంటే చూపించాలి. కేసు తేలేదాకా ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు.

దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రికి వెళ్లండి. పరువుకు జడిసి "మెట్ల మీద పడ్డాను" అని మాత్రం చెప్పకండి. చీటీలో ఆ ముక్క పడిందంటే క్రాస్‌లో, అంటే అవతలి వకీలు ప్రశ్నలు వేసేటప్పుడు, మిమ్మల్ని పట్టుకునేది దానితోనే. మీ వైద్య రికార్డు కావాలని రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నిబంధనే.

గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్ రాసే డి.ఐ.ఆర్. (జరిగిన హింసపై నివేదిక) చదవకుండా సంతకం పెట్టొద్దు. తేదీలు సరిచూసుకుని, కాపీ అడిగి తీసుకోండి.

భర్త జీతం రుజువు ఎక్కడ తేవాలని టెన్షన్ పడతారు. భరణం అడిగితే ఆస్తులు, ఆదాయంపై ఇద్దరూ అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ఆయన వేసింది తీసుకుని లైను లైను చదవండి.

ఆర్డర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, గృహహింస చట్టం 24వ సెక్షన్ అది. వాంగ్మూలాలు, ఎగ్జిబిట్ల (కోర్టులో సాక్ష్యంగా పెట్టిన కాగితాల) నకళ్లకైతే కాపీ దరఖాస్తు వేయాలి. వేసి ఊరుకుంటే రాదు. నకలు ఖర్చుకు స్టాంపులు కట్టమని ఎప్పుడు పిలిచారో కోర్టు నోటీసు బోర్డు మీద చూస్తుండాలి. కొత్తలో నేను చూడక దరఖాస్తు కొట్టేయించుకున్నాను, మా సారు చేత తిట్లూ తిన్నాను. నకలు మీద ముద్ర ఉంటుంది: దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు తయారైంది, అన్నీ అందులోనే. అప్పీలుకు గడువు 30 రోజులే, కాబట్టి ఆ తేదీలు పనికొస్తాయి.

వకీలు ఫీజుకు డబ్బు లేకపోతే న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఇస్తారు.

వాయిదాలు చూసుకోవడానికి ప్రతి కేసుకూ అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉండే సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. మీ ఫోన్ లాక్ ఇంట్లోవాళ్లకు తెలిసినదైతే, ఆ నంబరూ కాగితాల జిరాక్సులూ పుట్టింట్లో పెట్టుకోండి.