బ్యాంకు వేలంలో ఇల్లు కొనే ముందు అసలు ఖర్చు లెక్క వేసుకోవడం ఎలా?

అప్పు తీరని ఇళ్లను బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వేలం వేస్తుంటాయి. ప్రకటనలో రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర, చూడగానే చవకే అనిపిస్తుంది. కానీ ఇల్లు మన చేతికొచ్చేసరికి అయ్యే మొత్తం వేరు. పాటకు దిగే ముందే ఆ మొత్తం తేల్చుకోవాలి.

మొదట వేలం ప్రకటన చివరి లైను దాకా చదవండి. 'ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతున్నామని దాదాపు ప్రతి ప్రకటనలోనూ ఉంటుంది. అంటే ఇంటి పన్ను, నీటి బిల్లు, అపార్టుమెంటు మెయింటెనెన్స్ లాంటి పాత బకాయిలు మీ నెత్తిన పడొచ్చు. నిబంధనలను బట్టి కరెంటు బకాయిలను కూడా వేలంలో కొన్నవారి దగ్గర వసూలు చేయవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి సాధారణంగా ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనపడవు. మున్సిపల్ ఆఫీసులో, కరెంటాఫీసులో, అసోసియేషన్‌లో విడివిడిగా అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. కాగితాలు లాయరుకు చూపించండి. ఆ ఫీజు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

తర్వాత స్వాధీనం సంగతి. తాళం బ్యాంకు చేతిలో ఉందా, లేక సింబాలిక్ పొజెషన్, అంటే కాగితాల మీద స్వాధీనం మాత్రమేనా? రెండోదైతే లోపల ఇంకా మనుషులు ఉండొచ్చు. మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఖాళీ చేయించడానికి నెలలు పట్టొచ్చు. అన్నాళ్లూ మీరు అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. మొదటిసారి కొనేవారు అలాంటి ఇంటి జోలికి పోకపోవడమే మంచిది.

ఇక డబ్బు. పాట రూ.60 లక్షలకు మీకు ఖాయమైందనుకుందాం. పాటలో పాల్గొనడానికి ముందే కట్టిన ధరావతుతో కలిపి 25 శాతం, అంటే 15 లక్షలు, అదే రోజు లేదా మర్నాటి పనిదినంలోగా కట్టాలి. మిగతా 45 లక్షలకు అమ్మకం ఖరారయ్యాక 15 రోజులే గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పెంచుతారు, అదీ మూడు నెలలు మించదు. కట్టలేకపోతే అప్పటిదాకా కట్టింది పోతుంది. కాబట్టి హోమ్ లోన్ వస్తుందో లేదో ముందే తేల్చుకోండి, ప్రాసెసింగ్ ఫీజు లెక్కలో వేయండి.

ధర రూ.50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) ఉంటుంది. అది అదనం కాదు, ధరలోంచే మినహాయించి కట్టేది. అసలు బరువు రిజిస్ట్రేషన్‌ది. తెలంగాణ, ఏపీల్లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం చొప్పున 60 లక్షల మీద నాలుగున్నర లక్షలు.

ఇప్పుడు లెక్క తిరగేయండి. మీ దగ్గరున్నది మొత్తం 60 లక్షలే, బకాయిలకు లక్షన్నర, రిపేర్లకూ లాయరుకూ ఇంకో లక్షన్నర పోతాయనుకుంటే, 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా పోను మీరు పాడగలిగేది 53 లక్షల దాకానే.