ఖాళీ గదుల్లో మురుగు వాసన: మా బొటిక్ హోటల్లో పనిచేసిన పద్ధతి

పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని పాత ఇంట్లో మేము నడిపే చిన్న హోటల్ వారాంతాల్లో నిండుతుంది, వారం మధ్యలో ఖాళీగా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం తలుపు తీయగానే స్నానాల గదిలోంచి మురుగు కంపు వచ్చేది. రోజూ వాడే గదుల్లో అది ఉండేది కాదు. రూమ్ ఫ్రెషనర్లు, ఫినాయిల్, మ్యాన్‌హోల్ శుభ్రం చేయించడం, పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్: ఏదీ పనిచేయలేదు.

చివరికి నేల మీది జాలీ తీసి టార్చి వేసి చూస్తే, నీటిని నిలిపి ఉంచి మురుగు గాలిని పైకి రానీయకుండా ఆపవలసిన ట్రాప్‌లో నీరు దాదాపు ఇంకిపోయి ఉంది. ముందుగా లోపలి వెంట్రుకలు, సబ్బు జిడ్డు తీయించి, ట్రాప్ లోపలి కప్పును సరిగా కూర్చోబెట్టి, నిదానంగా ఒక బకెట్ నీళ్లు పోశాము. ఆ తరువాత, నీరు త్వరగా ఆవిరి కాకుండా పైన ఒక చెంచా వంటనూనె వేశాము. ట్రాప్ ఎండిపోయి, తలుపులు, కిటికీలు మూసి ఉన్నప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ మురుగు గొట్టంలోని గాలినే లోపలికి లాగగలదు కనుక ఖాళీ గదుల్లో దాన్ని ఆపించాము. అంటే మేము డబ్బు పోసి కొన్న పెద్ద ఫ్యానే కంపును పెంచిందన్నమాట. వాష్ బేసిన్, షవర్‌లలో కూడా కాసేపు నీళ్లు వదలడం ఇప్పుడు హౌస్‌కీపింగ్ వారి మంగళ, గురువారాల పని.

ఇది అన్ని భవనాలకూ వర్తిస్తుందని చెప్పలేను. ట్రాప్ నిండుగా ఉన్నా వాసన వస్తే మురుగు గాలిని బయటికి వదిలే వెంట్ పైపునో, కమోడ్ కింది అతుకునో ప్లంబర్‌కు చూపించాలి. హోటల్ కొనేవారు మాత్రం కొన్నాళ్లుగా మూసి ఉన్న గదినే తెరిపించి చూడడం మంచిది.