రాత్రి రెండు గంటలకు ఫోన్ ఎవరెత్తుతారు? హాస్పిస్ సేవ కుదుర్చుకునే ముందు జాగ్రత్తలు

"ఇంక ఇంటికి తీసుకెళ్లిపోండమ్మా" అని విశాఖలో పెద్ద డాక్టరు చెప్పాక, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సెక్కేలోపే మన చేతిలో రెండు మూడు ఫోన్ నంబర్లు పడతాయి. ఒకటి వార్డుబాయ్ ఇచ్చింది, ఒకటి పక్కమంచం వాళ్లు రాసిచ్చింది, ఇంకొకటి మందుల షాపు గోడ మీద చూసింది. నర్సు, ఆక్సిజన్, సెలైన్ అన్నీ ఇంటికే పంపిస్తాం అంటారు. అప్పటికి మనకి బుర్ర పనిచెయ్యదు. నేనూ మొదటి నంబరుకే ఫోన్ చేసి, అడ్వాన్సు పంపేసి, తర్వాత ఏడ్చాను.

మా అత్తగారికి అంగిలి క్యాన్సర్. మన ఉత్తరాంధ్ర తీరప్రాంతంలో ఆ తరం ఆడవాళ్లు చాలామందిలాగే ఆవిడా అడ్డపొగ తాగేవారు, చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని. ఏజెన్సీ పంపిన అమ్మాయి మంచిదే, తల దువ్వేది, ఒళ్లు తుడిచేది. కానీ మూడో రాత్రి నొప్పి ఎక్కువైతే తన దగ్గర ఉన్నది పారాసెటమాల్ ఒక్కటే. ఏజెన్సీ ఫోన్ స్విచాఫ్. తెల్లవారేదాకా మావయ్య వీధిలో తిరుగుతూనే ఉన్నారు. ఆ తర్వాత దొరికిన బృందం వేరు. వాళ్ల సిస్టర్ వచ్చీ రాగానే కాగితాలు అడగలేదు, మంచం పక్కన కూర్చుని "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అంది. ఈ రెంటికీ ఉన్న తేడా ముందే ఎలా పసిగట్టాలన్నదే నేను చెప్పదలచుకున్నది. దసరా దగ్గరపడుతోంది, వెనకాలే తుఫాన్లూ వస్తాయి, కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

ముందు ఏం కావాలో తేల్చుకోండి

కేర్‌టేకర్ వేరు, నర్సు వేరు, హాస్పిస్ వేరు. కేర్‌టేకర్ స్నానం, తిండి, పక్క చూసుకుంటుంది. నర్సు ఇంజెక్షన్, కట్టు, పైపులు చూస్తుంది. హాస్పిస్ అంటే జబ్బు నయం కాదని తేలాక నొప్పి, ఆయాసం, వాంతులు, పుళ్లు, భయం, ఇంట్లోవాళ్ల అలసట అన్నిటినీ కలిపి చూసే బృందం. అందులో డాక్టరు తప్పకుండా ఉండాలి. మంచాలున్న భవనమే అయి ఉండాలని లేదు, ఇంటికి వచ్చి చూసినా హాస్పిసే. లండన్‌లో 1967లో సిసిలీ సాండర్స్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదనా సదన్‌తో మొదలైంది. క్యాన్సర్‌కే అనుకోవద్దు. కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లకీ, మతిమరుపుతో మంచాన పడ్డ పెద్దవాళ్లకీ ఇదే కావాలి.

మన జిల్లాల్లో బోర్డు మీద హాస్పిస్ అన్న మాట కోసం వెతికితే లాభం లేదు. "పాలియేటివ్ కేర్ ఉందా?" అని అడగాలి, అంటే బాధ తగ్గించే సంరక్షణ. చికిత్స అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో జరిగినా, విశాఖ కేజీహెచ్‌లో జరిగినా, బరంపురంలో జరిగినా డిశ్చార్జి రోజునే ఆ ప్రశ్న అడిగి, మన ఊరికి దగ్గరలో ఎవరున్నారో రాయించుకోండి. ఊళ్లో ఏఎన్ఎంనీ, ఆశా కార్యకర్తనీ కూడా అడగండి. ఆయుష్మాన్ భారత్ కింద పల్లె ఆరోగ్య కేంద్రాలకు అప్పగించిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, పాలియేటివ్ కేర్ ఉన్నాయి. అడిగేవాళ్లు లేకపోతే అవి కాగితం మీదే ఉండిపోతాయి.

రాత్రి సంగతి

ఎవరితో మాట్లాడినా ముందు ఇదే అడగండి: రాత్రి రెండు గంటలకు నొప్పి వస్తే ఫోన్ ఎవరెత్తుతారు? ఎత్తినవాళ్లు నర్సా, ఆఫీసు కుర్రాడా? మనిషి రావాల్సి వస్తే ఎంతసేపట్లో వస్తారు? "మా సర్వీసు ఇరవై నాలుగ్గంటలూ ఉంటుందండీ" అనేది జవాబు కాదు. పేరు చెప్పాలి, నంబరు ఇవ్వాలి. డబ్బు కట్టకముందే ఒక రాత్రి పదకొండు దాటాక ఆ నంబరుకి చేసి చూడండి. మొహమాటం వద్దు. విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

ఎక్కడి నుంచి వస్తారో కూడా చూసుకోండి. విశాఖ నుంచి శ్రీకాకుళమే నూరు కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం ఇంకా దూరం. "జిల్లా అంతా కవర్ చేస్తాం" అనేవాళ్లని మీ ఊరి పేరు చెప్పి, కిందటి నెల మీ మండలంలో ఎంతమందిని చూశారో అడగండి. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లవాళ్లయితే, వాళ్లు ఏటికి ఏ పక్క నుంచి వస్తారో కూడా అడగాలి. వరదొస్తే అవతలి ఒడ్డు చాలా దూరం.

పండగలు మరిచిపోవద్దు. సంక్రాంతి నాలుగు రోజులూ డ్యూటీ ఎవరిది? విజయనగరంలో ఉంటే, దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం నాడు కోట, మూడులాంతర్ల చుట్టుపక్కల వీధుల్లోకి అంబులెన్సు రావడం గగనం. ముందు రోజే వచ్చి మందులు సరిచూసి వెళ్లేవాళ్లు పని తెలిసినవాళ్లు.

నొప్పి మందు దగ్గరే అసలు పరీక్ష

క్యాన్సర్ నొప్పి బాగా ముదిరితే పనిచేసేది మార్ఫిన్. మామూలు మందుల షాపులో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తించిన సంస్థలు దాన్ని నిల్వ ఉంచి ఇవ్వచ్చు. అలా గుర్తింపు పొందిన సంస్థనే ఆర్ఎంఐ (రికగ్నైజ్డ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్) అంటారు. "మీకు ఆర్ఎంఐ గుర్తింపు ఉందా? లేకపోతే మార్ఫిన్ ఎక్కడి నుంచి తెచ్చిస్తారు?" అని సూటిగా అడగండి. జవాబు నసిగితే అక్కడితో ఆపేయొచ్చు. మార్ఫిన్ లేని హాస్పిస్ సాంబారు లేని ఇడ్లీలాంటిది అని మా ఆడపడుచు అంటుంది. నన్నడిగితే ఇడ్లీ కూడా లేదంటాను.

ఉంటే సరిపోదు, వాడటం తెలియాలి. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, గడియారం చూసి ఇవ్వాలి. నొప్పి వచ్చాక ఇద్దామంటే రోగి ఎప్పుడూ నొప్పి వెనకాలే పరుగెత్తాలి. నొప్పి ఎంతుందో సున్నా నుంచి పదిలో చెప్పమని ప్రతిసారీ అడిగి, పుస్తకంలో రాయాలి. దాంతోపాటే మలబద్ధకానికి మందు రాయాలి, ఎందుకంటే మార్ఫిన్ తీసుకునేవాళ్లకి దాదాపు అందరికీ మలం బిగుసుకుంటుంది. మార్ఫిన్ రాసి విరేచనం మందు రాయనివాళ్లకి ఈ పని రాదని నా లెక్క. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుందనీ, వాంతి రావచ్చనీ ముందే చెప్పాలి. మింగలేనివాళ్లకి మామూలు మాత్ర నలిపి ఇవ్వచ్చు కానీ, నెమ్మదిగా కరిగే రకం నలపకూడదు. ఈ తేడా మీ సిస్టర్‌కి తెలుసో లేదో అడిగి చూడండి.

"అలవాటైపోతాదమ్మా, ఎందుకొచ్చిన గోల" అని చుట్టాలు భయపెడతారు. నొప్పికి డాక్టరు లెక్కతో ఇచ్చిన మందు వేరు, మత్తు కోసం వాడేది వేరు. ఈ మాట చుట్టాలకి మనం చెప్పలేం. మంచి బృందమైతే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వాళ్లే చెబుతారు. కొడుకులు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉంటే వీడియో కాల్లో కలుపుతారు. దూరాన ఉన్న కొడుకు చివరి వారంలో దిగి "ఐసీయూలో పెట్టండి" అని గొడవ చెయ్యడం మన ఇళ్లలో ఎన్నిసార్లు చూడలేదు!

ఉద్దానం వాళ్లకి ఒక మాట

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ రోగులున్న ఇళ్లవాళ్లు ఇది తప్పక అడగాలి. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ల ఒంట్లో మార్ఫిన్ తాలూకు వ్యర్థాలు బయటికి పోకుండా పేరుకుంటాయి. మగత కమ్ముతుంది, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడతాయి. అలాంటివాళ్లకి ఫెంటనిల్ లాంటి వేరే మందు వైపు వెళ్లడమో, మోతాదు బాగా తగ్గించడమో చేస్తారు. "మా నాన్నకి డయాలసిస్ నడుస్తోంది, నొప్పికి ఏమిస్తారు?" అంటే, ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు చూపించమనేవాళ్లని నమ్మండి. వచ్చీ రాగానే, కిడ్నీలకి చేటు చేసే డైక్లోఫెనాక్ సూది తీసేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక డయాలసిస్ దగ్గరైంది, నిజమే. కానీ ఓపిక అయిపోయి డయాలసిస్ ఆపేద్దామనుకున్నవాళ్లకి ఆ తర్వాత ఉండే రోజులు తక్కువ. ఆయాసం, దురద, ఒంట్లో నీరు ఎవరు చూస్తారో ఆపకముందే మాట్లాడుకోవాలి.

సెలైన్ సీసా

ఊళ్లో ఆర్ఎంపీ వస్తాడు, "ఒక సీసా ఎక్కిస్తే ఓపికొస్తాది" అంటాడు. చూస్తూ ఊరుకోలేక మనమూ సరేనంటాం. కానీ ఆఖరి రోజుల్లో శరీరం నీటిని వాడుకోలేదు. ఎక్కించింది కాళ్లకి వాపుగా, గొంతులో గురగురగా తేలుతుంది. తినట్లేదని నోరు తెరిచి పొయ్యడమూ ప్రమాదమే, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో పెదాలు తడపడం, నోరు శుభ్రంగా ఉంచడం, పక్కకి ఒత్తిగిల్లి పడుకోబెట్టడం, ఆ రోజుల్లో కావలసింది ఇదే. ఇది చేసి చూపించే సిస్టర్ కావాలి. రోజుకో సీసా లెక్కన బిల్లు వేసే ఏజెన్సీకి సీసా ఆపమని చెప్పడంలో లాభమేముంది చెప్పండి? అందుకే డబ్బు మాట్లాడేటప్పుడు దేనికి ఎంతో అడగండి: రోజు లెక్కా, వచ్చినప్పుడల్లా లెక్కా? ఆక్సిజన్ యంత్రానికి అద్దె వేరా? మనిషి మూడో రోజే పోతే అడ్వాన్సు వెనక్కిస్తారా? కాగితం మీద రాయించుకోండి. విరాళాలతో నడిచేవి ఉచితంగా చేస్తాయి. ఉచితం కదా అని ప్రశ్నలు మానక్కర్లేదు.

మా అత్తగారి పుండు వాసన వచ్చేది, మనవలు గదిలోకి రావడం మానేశారు. రెండో బృందం మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద వెయ్యడం నేర్పింది, వాసన తగ్గింది. నోట్లోంచి రక్తం పడొచ్చని ముందే చెప్పి, ముదురు రంగు తువ్వాళ్లు మంచం దగ్గర ఉంచమంది. తెల్ల గుడ్డ మీద కొంచెం రక్తమే చాలా భయపెడుతుందట. వచ్చాక పరుగెత్తేవాళ్లు కాదు, వచ్చేదేమిటో ముందే చెప్పేవాళ్లు కావాలి మనకి. ఆయాసం వస్తే ఆక్సిజన్ ఒక్కటే దారి కాదనీ, ముఖం మీదకి గాలి తగిలితే ఊరట ఉంటుందనీ విసనకర్ర చేతికిచ్చింది కూడా వాళ్లే.

తుఫాను రాకముందే

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. రెండూ మనవాళ్లకి గుర్తే. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లకి అడ్డంగా కొబ్బరి చెట్లు. ఇంట్లో మంచాన మనిషి ఉంటే సెప్టెంబరు చివరికే ఇవి తేల్చుకోండి: తుఫాను హెచ్చరిక వస్తే వారం రోజుల మార్ఫిన్ ముందే ఇస్తారా? ఆక్సిజన్ యంత్రం కరెంటు లేకపోతే బొమ్మే, మామూలు ఇన్వర్టర్ రాత్రంతా లాగకపోవచ్చు. సిలిండర్ పంపుతారా? బి-టైప్ సిలిండర్ నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలకి అటూఇటూగా వస్తుంది. ఎయిర్ బెడ్ గాలి దిగిపోతే రెండు గంటలకోసారి మనిషిని ఒత్తిగిల్లించాలి, దానికి ఇంట్లో ఇద్దరుండాలి. టవర్లు పడిపోతే ఫోన్లుండవు కాబట్టి, ఏ లక్షణానికి ఏ మందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి గోడకి అంటించండి.

కాగితాలు

ప్రైవేటు సంస్థ అయితే డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) దగ్గర రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. నర్సు అన్నవాళ్లకి నర్సింగ్ కౌన్సిల్ నమోదు ఉండాలి. వెంటిలేటర్ వద్దనుకునే పెద్దవాళ్లు తెలివిలో ఉండగానే ఆ మాట రాసిపెట్టొచ్చు. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. ఇంట్లో పోతే కారణం రాసి సంతకం పెట్టే డాక్టరు ఎవరో కూడా ఇప్పుడే అడగండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, తర్వాత తిరగడం ఎక్కువవుతుంది. మిగిలిపోయిన మార్ఫిన్ ఇంట్లో ఉంచకూడదు, వెనక్కి తీసుకుంటారో లేదో కనుక్కోండి.

అత్తగారు పోయాక మా దగ్గర పద్నాలుగు మాత్రలు మిగిలాయి. పన్నెండో రోజు వెళ్లాక సిస్టర్ వచ్చి, లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, నా చేత సంతకం పెట్టించుకుంది. చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి "నీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను. చెప్పులు విప్పేసి మళ్లీ లోపలికి వచ్చి కూర్చుంది.