పోలీసులు బండి ఆపినప్పుడు: గొడవ ఎక్కడ మొదలవుతుంది, ఎలా సర్దుకోవాలి

చెకింగ్ దగ్గర గొడవ పడేవాళ్లలో చాలామంది చేసిన తప్పు చిన్నదే. హెల్మెట్ క్లిప్పు పెట్టుకోలేదు, ఇన్సూరెన్స్ కాగితం ఇంట్లో ఉండిపోయింది, సిగ్నల్ దగ్గర గీత దాటి ఆగారు. రెండు నిమిషాల్లో తేలిపోవాల్సిన ఆ పని అరగంట సాగుతుంది. కేసు పెద్దదై కాదు, బండి ఆగిన మొదటి అర నిమిషంలో డ్రైవరు కంగారు పడటం వల్ల, చట్టం గురించి విన్న సగం సగం మాటల వల్ల. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రోడ్ల మీద తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటి కారణాలు, చేయాల్సిన పనులు ఇవి. ఆధారం 1988 మోటారు వాహనాల చట్టం, 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన దాని సవరణలు.

సమస్య: చెయ్యి ఎత్తి ఆపగానే సడన్ బ్రేకు, లేదా వెనక్కి తిప్పుకుని పారిపోవాలనిపించడం

కారణం భయమే. పెండింగ్ చలాన్లు ఉన్నాయనో, లైసెన్సు లేదనో. కానీ చెకింగ్ చూసి రాంగ్ రూట్లో తిరిగిన బండి మీదే పోలీసుల కళ్లన్నీ పడతాయి. వెనక వచ్చే లారీ డ్రైవరుకు మీరు అలా తిరుగుతారని తెలియదు. ప్రాణం పోయేది అక్కడే. చలాన్ భయంతో చేయకూడని పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇండికేటర్ వేయండి, వేగం తగ్గించండి, చూపించిన చోట ఎడమ పక్కకు పూర్తిగా ఆపండి. బైకు అయితే ఇంజిన్ ఆపి, స్టాండు వేసి, హెల్మెట్ తీయండి. ముఖం కనిపిస్తే సగం అనుమానం అక్కడే పోతుంది. కారు అయితే పార్కింగ్ లైట్లు వేసి, డ్రైవరు వైపు అద్దం పూర్తిగా దించండి. రెండు వేళ్ల సందు వదిలి మాట్లాడితే ఏదో దాస్తున్నారని అనిపిస్తుంది. రాత్రయితే లోపలి లైటు వేసి, చేతులు స్టీరింగ్ మీద ఉంచండి. దిగమంటే ముందు అద్దంలో వెనక చూసి అప్పుడు తలుపు తీయండి. కుడివైపు తలుపు తెరుచుకునేది ట్రాఫిక్‌లోకే.

నిర్జన ప్రదేశంలో యూనిఫాం లేనివాళ్లు ఆపితే సంగతి వేరు. సెక్షన్ 130 ప్రకారం లైసెన్సు అడగాల్సింది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. తలుపులు లాక్ చేసుకుని, అద్దం కొద్దిగా దించి, ఐడీ కార్డు చూపించమనండి. నమ్మకం కలగకపోతే 112కి ఫోన్ చేసి, "పెట్రోలు బంకు దగ్గర ఆపుతాను సార్" అని చెప్పి వెలుతురున్న చోటికి నెమ్మదిగా వెళ్లండి.

సమస్య: "కానిస్టేబుల్‌కు లైసెన్సు చూపించక్కర్లేదు" అన్నాక మాట పెరిగింది

రెండు వేర్వేరు అధికారాలను కలిపేయడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. లైసెన్సు చూడటం ఒకటి, జరిమానా కట్టించుకుని కేసు ముగించడం మరొకటి. మొదటిదాన్ని యూనిఫాంలో ఉన్న ఏ పోలీసైనా అడగవచ్చు. రెండోదాన్ని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన హోదా ఉన్న అధికారే చేయాలి. కాబట్టి కాగితాలు అడిగిన కానిస్టేబుల్‌తో హోదా గురించి వాదించకండి, చూపించండి. డబ్బు మాట వచ్చినప్పుడు మాత్రం, "చలాన్ ఎవరు రాస్తారు సార్?" అని అడగండి. ఆ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు.

సమస్య: ఫోన్లో చూపిస్తే ఒప్పుకోవడం లేదు

దీనికి కారణాలు మూడు నాలుగు ఉంటాయి. ఎక్కువసార్లు తప్పు మన ఫోన్లోనే ఉంటుంది.

వాట్సాప్‌లో దాచుకున్న ఆర్‌సీ ఫొటో, గ్యాలరీలో ఉన్న స్కాన్ చట్టం చెప్పే ఎలక్ట్రానిక్ పత్రం కిందికి రావు. ప్రభుత్వ పత్రాలు దాచుకునే కేంద్ర యాప్ డిజిలాకర్‌లోనూ రెండు అరలు ఉంటాయి. మీరు ఫొటో తీసి అప్‌లోడ్ చేసుకున్నవి ఒక అర. రవాణా శాఖ రికార్డు నుంచి నేరుగా వచ్చే "ఇష్యూడ్ డాక్యుమెంట్స్" మరో అర. చెల్లేది ఈ రెండో అరలోవే. చాలామంది మొదటి అర తెరిచి చూపించి, ఒప్పుకోలేదని గొడవ పడతారు. యాప్ తెరిచి పత్రం ఏ అరలో ఉందో ఇప్పుడే చూసుకోండి.

ఆ అరలోకి పత్రం రాకపోతే ఆధార్‌లో పేరు, ఆర్‌సీలో పేరు పోల్చి చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట చివర ఉన్నా, పొట్టి అక్షరంతో ఉన్నా రికార్డు కలవదు. ఇంకో చిక్కు తెలంగాణ బండ్లది. ఇక్కడి రవాణా శాఖ చాలా ఏళ్లు సొంత వ్యవస్థతో, ఎం-వాలెట్ యాప్‌తో నడిచింది. అందువల్ల కేంద్ర రవాణా శాఖ యాప్ ఎం-పరివాహన్‌లో మీ బండి దొరక్కపోవచ్చు. దొరకలేదంటే ఒరిజినల్ కార్డు బండిలో పెట్టుకోండి.

పత్రం సరైన అరలోనే ఉండి కూడా ఒప్పుకోకపోతే, కేంద్ర మోటారు వాహనాల నియమం 139 గుర్తు చేయండి. 2018 నవంబరు సవరణతో ఎలక్ట్రానిక్ రూపం చెల్లుతుందని అందులో రాశారు. 2020 అక్టోబరు 1 నుంచి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిచూసిన పత్రాన్ని మళ్లీ కాగితం రూపంలో అడగకూడదు కూడా. "డిజిలాకర్‌లో ఇష్యూడ్ కింద ఉంది సార్, క్యూఆర్ స్కాన్ చేసి చూడండి" అంటే చాలు. సెక్షన్ నంబరు గట్టిగా చదివి వినిపించడం కన్నా ఈ మాట బాగా పనిచేస్తుంది.

నెట్‌వర్క్ లేనిచోట యాప్ తెరుచుకోదు. ప్రయాణానికి ముందే పత్రాలు డౌన్‌లోడ్ చేసి ఉంచండి. ఫోన్ లాక్ తీసి మొత్తం చేతికి ఇచ్చేయకండి, తెర చూపించండి.

కొత్త బండికి మొదటి ఏడాది పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అడిగితే ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ చూపించండి. లైసెన్సు గడువు విషయంలో మాత్రం పాత లెక్క మరిచిపోండి. గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉండేది, 2019 సవరణతో పోయింది. గడువు ముగిసిన మర్నాడు నడిపినా లైసెన్సు లేకుండా నడిపినట్టే.

సమస్య: తాళం లాగేసుకున్నారు

ఇంజిన్ ఆపకుండా, గేరులో పెట్టి ఉంచి మాట్లాడితే పారిపోతారని అనుకుంటారు. చాలాసార్లు చెయ్యి తాళం మీదికి వెళ్లేది అప్పుడే. బండి ఆగగానే మీరే ఇంజిన్ ఆపి, తాళం తీసి చేతిలో పట్టుకోండి. చట్టంలో బండిని నిలిపి ఉంచే అధికారం సెక్షన్ 207లో ఉంది. లైసెన్సు లేకపోవడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం వంటి సందర్భాలకు అది వర్తిస్తుంది. హెల్మెట్ లేనందుకు తాళం లాక్కోవాలని ఎక్కడా లేదు. అయినా తాళం కోసం పెనుగులాడకండి. చెయ్యి తగిలితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 132 కింద విధుల్లో ఉన్న ఉద్యోగిపై బలప్రయోగం అని రాస్తారు. దానికి రెండేళ్ల వరకు జైలు. పక్కన నిలబడి, "ఎస్సై గారితో మాట్లాడతాను" అనండి. టైము, చోటు, నేమ్ ప్లేటు మీద పేరు రాసుకోండి.

వీడియో తీయకూడదని మోటారు వాహనాల చట్టంలో లేదు. కానీ ఫోన్ ముఖంలోకి పెట్టి "ఏం చేస్తావ్?" అంటే వీడియోలో కనిపించేది మీ తీరే. ఛాతీ దగ్గర కదలకుండా పట్టుకుని, మామూలు గొంతుతో మాట్లాడండి. మీరు "నువ్వు" అనే మాటలోకి దిగితే అవతలివాళ్లూ దిగుతారు. "సార్", "మేడమ్" అని మొదలుపెట్టి చివరిదాకా అదే పట్టుకోండి. ఎమ్మెల్యే గారి పేరు, చుట్టం పేరు చెప్పకండి.

సమస్య: డ్రంకెన్ డ్రైవ్‌లో ఊదమంటున్నారు, భయంగా ఉంది

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్. ఇది చాలా తక్కువ. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు ఒక్కటి తాగి వెంటనే బయల్దేరితే దాటే అవకాశమే ఎక్కువ. శరీరం ఇదే లెక్కలో గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పునే దించుకుంటుంది. నిమ్మరసం, కాఫీ, సోంపు, కిళ్లీ దీన్ని మార్చవు. మెషీను చూసేది ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిని, నోటి వాసనను కాదు.

తాగకపోయినా రీడింగ్ వచ్చిందంటే ముందు నోటిని అనుమానించండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, కొన్ని దగ్గు సిరప్‌లు నోట్లో ఆవిరి వదులుతాయి. పదిహేను నిమిషాల్లో అది పోతుంది. వాదించకుండా, "మందు తాగలేదు సార్, ఫలానాది వాడాను, నీళ్లతో పుక్కిలించి పదిహేను నిమిషాలకు మళ్లీ ఊదుతాను" అని అడగండి.

పైపు కొత్తదేనా, కవరు మీ ముందే చించారా చూసుకోండి. ఊదేముందు తెరమీద సున్నా ఉందో లేదో చూపించమనండి. నిండా గాలి పీల్చి, బీప్ ఆగేదాకా ఒకే ఒత్తిడితో ఊదాలి. చిన్నగా ఊదితే మెషీను శాంపిల్ చాలలేదంటుంది. రెండుసార్లు అలా వస్తే కావాలని చేస్తున్నారని అనుకుంటారు. ఉబ్బసం ఉంటే ముందే చెప్పి, రక్త పరీక్షకు సిద్ధమని చెప్పండి.

ఊదనని మొండికేయడం అన్నిటికన్నా చెడ్డ దారి. సెక్షన్ 203 ప్రకారం, తాగారని సహేతుకమైన అనుమానం ఉంటే వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. నిరాకరణను కోర్టు మీకు వ్యతిరేకంగా చూడవచ్చు. మీ పక్షాన ఉన్న నిబంధన కూడా ఒకటుంది. ఈ కేసులో అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే విడిచిపెట్టాలి.

దొరికితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి రెండేళ్ల వరకు జైలు, 15,000 జరిమానా, లేదా రెండూ. ఇది రోడ్డు మీద కట్టి తేల్చుకునే కేసు కాదు, కోర్టుకే వెళ్లాలి. హైదరాబాద్‌లో ముందుగా గోషామహల్ లేదా బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంట్లోవాళ్లతో కలిసి కౌన్సెలింగ్ ఉంటుంది. "ఇక్కడే ఎంతో కొంత ఇచ్చెయ్" అని ఎవరైనా అంటే అది లంచమే.

బండి మాటేమిటి? 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు దీని మీద స్పష్టమైన ఆదేశాలిచ్చింది. తాగిన వ్యక్తి నడపకూడదు. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే బండి అతని చేతికి ఇవ్వాలి. లేకపోతే దగ్గరివాళ్లను పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే స్టేషనుకు తరలించి, తర్వాత ఆర్‌సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపించినవాళ్లకు ఇవ్వాలి. కాబట్టి పోలీసులు ఆపగానే తమ్ముడికో స్నేహితుడికో ఫోన్ చేయండి.

సమస్య: నడిపింది పద్దెనిమిది నిండని పిల్లాడు

దీనికి రోడ్డు మీద చేసుకోగల సర్దుబాటు ఏదీ లేదు. సెక్షన్ 199ఏ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ట్యూషనుకు దగ్గరే కదా అని తాళం ఇచ్చే ఇళ్లు ఈ నాలుగు మాటలూ తలుపు మీద రాసుకోవాలి.

సమస్య: చలాన్ రాయకుండా డబ్బు అడుగుతున్నారు

చలాన్ పడితే ట్యాబ్‌లో నమోదవుతుంది, ఆర్‌సీకి కట్టిన మొబైల్ నంబరుకు మెసేజ్ వస్తుంది. ఆ రెండూ లేని డబ్బు ప్రభుత్వానికి చేరదు. "చలాన్ వేయండి సార్, ఆన్‌లైన్‌లో కడతాను" అనండి. ఒక్కసారి మెత్తగా, రెండోసారి అంతే మెత్తగా. మీరే ముందుగా నోటు చూపించారా, 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేసినవాళ్లకు మినహాయింపు ఉంది. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్ ఫ్రీ నంబరు 1064.

సమస్య: లైసెన్సు తీసుకెళ్లారు, లేదా బండి సీజ్ చేశారు

లైసెన్సు తీసుకుంటే సెక్షన్ 206 కింద తాత్కాలిక రసీదు ఇవ్వాలి. దానితో నడపవచ్చా లేదా అన్నది కేసును బట్టి ఉంటుంది: తాగి నడపడం, అతివేగం, హెల్మెట్ లేకపోవడం వంటి వాటికి తీసుకుంటే, 2019 సవరణ ప్రకారం లైసెన్సు తిరిగి వచ్చేదాకా ఆ రసీదుతో నడపకూడదు. రసీదు లేకుండా వదిలేసి వస్తే రేపు ఇంకో చోట ఆపినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. దాని మీద తేదీ, అధికారి పేరు, సెక్షన్ ఉన్నాయో లేదో అక్కడే చదవండి.

బండి సీజ్ అయితే తరలించేముందు నాలుగు వైపులా, మీటరు, టైర్లు ఫొటో తీయండి. డిక్కీలో, సీటు కింద ఉన్న వస్తువులు తీసుకోండి. ఏ స్టేషను లేదా యార్డుకు పోతుందో అడిగి రాసుకోండి. విడిపించుకోడానికి వెళ్లేటప్పుడు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్సు, యజమాని గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి.

సమస్య: నాది కాని చలాన్ పడింది

నంబరు ప్లేటు తప్పుగా చదవడం ఒక కారణం. ఈ-చలాన్ పేజీలో ఫొటో తెరిచి, బండి రంగు, మోడల్ చూస్తే తెలిసిపోతుంది. అదే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, మీ బండి ఫొటో జతచేయండి. కట్టేశాక ఫిర్యాదు నిలవడం కష్టం.

ఇంకో కారణం అమ్మేసిన బండి. పేరు మారేదాకా చలాన్లు పాత యజమానికే వస్తాయి. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు మీరు, 30 రోజుల్లోపు కొన్నవాళ్లు రవాణా శాఖకు తెలియజేయాలి. పాత మొబైల్ నంబరు ఆర్‌సీలో ఉండిపోతే చలాన్లు పడుతున్నట్టే తెలియదు, చెకింగ్‌లో ఒకేసారి పదిహేను బయటపడతాయి. నంబరు మార్చుకోవడం రవాణా శాఖ దగ్గర చిన్న పనే. అది ఈ వారంలోనే పెట్టుకోండి.