జపాన్‌లో చౌక రియోకాన్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

అనంతపురం నుంచి బెంగళూరు, అక్కడినుంచి విమానంలో టోక్యో దగ్గరి నరితా, మళ్లీ బుల్లెట్ రైలెక్కి క్యోటో. చేరేసరికి మా అమ్మ కాళ్లు వాచిపోయాయి. దిగింది రియోకాన్‌లో, అంటే వాళ్ల పాతకాలపు పద్ధతిలో నడిచే బస. తలుపు పక్కకు జరిపి గది చూసి అమ్మ అడిగింది: "ఏం నాయనా, చాప మీద పండుకునేదానికా ఇంత దుడ్డు కట్టినావు? మన ఇంట్లో ఈతచాప ఉండెగదా!"

నాలుగు రాత్రులకు ముందే కట్టేశాను, రద్దు చేసినా పైసా తిరిగి రాదు. ఇందులో సగం తప్పు ఆ బస వాళ్లదైతే, మిగతా సగం ఫొటోలు చూసి పడిపోయిన నాది. కనీసం ఆ రెండో సగం నుంచి మీరు తప్పించుకోవచ్చు.

ముందు గది కొలత చూడండి. అక్కడ గదిని తతామీ చాపల లెక్కన చెబుతారు. ఒక్కో చాప దాదాపు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఆరు చాపల గదంటే మనవైపు పది బై పది గదికి కాస్త అటూ ఇటూ, నాలుగున్నర చాపలదైతే అంతకన్నా చిన్నది. మేం ముగ్గురం, ఆరు చాపల గది. రాత్రి పరుపులు పరిచాక సూట్‌కేసులు నిలబెట్టడానికి చోటు లేదు, బాత్రూంకి వెళ్లాలంటే అమ్మను దాటుకుని వెళ్లాలి. ఫొటోలో అదే గది మైదానంలా కనిపించిందంటే కారణం, పగలు పరుపులు అల్మారాలో పెట్టేస్తారు, గదిలో చిన్న బల్ల తప్ప ఇంకేమీ ఉండదు. ఖరీదైన చోట్ల పరుపు వాళ్లే వచ్చి వేస్తారు, చౌక చోట్ల మనమే పరుచుకోవాలి.

రేటు విషయంలో జాగ్రత్త. చాలా రియోకాన్లు తమ సొంత సైట్లలో గదికి కాకుండా మనిషికింత అని రాస్తాయి. 'సుదొమారి' అని ఉంటే భోజనం లేకుండా ఒట్టి బస మాత్రమే. క్యోటోలో 2018 అక్టోబరు నుంచి బస పన్ను కూడా ఉంది, అది మనిషికి రాత్రికి ఇంత చొప్పున వేస్తారు. చాలాచోట్ల అక్కడికెళ్లాక విడిగా కట్టాలి.

ఇక స్నానం. దీని గురించి ఎవరూ మొహమాటం లేకుండా చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. చౌక గదుల్లో సొంత స్నానాలగది చాలాసార్లు ఉండదు. కింద ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి ఉమ్మడి స్నానశాల ఉంటుంది. బట్టలన్నీ విప్పేసి, చిన్న పీట మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా కడుక్కున్నాకే వేడినీళ్ల తొట్టిలో దిగాలి. అమ్మ "నేను చస్తే రాను" అంది. పైగా అక్కడ పచ్చబొట్లున్నవాళ్లకు ప్రవేశం లేదని బోర్డు. మన ఊళ్లలో పెద్దవాళ్ల చేతుల మీద పచ్చబొట్టు మామూలే కదా, దాన్ని వాళ్లకు ఎలా వివరిస్తాం? అందుకే బుక్ చేసేటప్పుడే కుటుంబానికి విడిగా స్నానశాల ఇస్తారా అని అడగండి. 'కషికిరి' అనే మాట వెతకండి, గంటో అరగంటో మనకే తాళం ఇస్తారు.

చలి సంగతి నేను అసలు ఆలోచించలేదు. నలభై రెండు డిగ్రీల ఎండలో పెరిగినవాడికి ఎలా తడుతుంది? ఫిబ్రవరిలో క్యోటోలో రాత్రిపూట ఒకటి రెండు డిగ్రీలు. పాత చెక్క ఇల్లు, కాగితం అతికించిన తలుపులు, గదిలో హీటరున్నా వరండా మంచుగడ్డే. అర్ధరాత్రి మరుగుదొడ్డికి వెళ్లడం ఒక యాత్ర. పక్కగదిలో ఎవరైనా దగ్గితే మన గదిలో దగ్గినట్టే. లిఫ్టు ఉండదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తుంటే కింది అంతస్తులో గది ఇస్తామని రాతపూర్వకంగా చెప్పించుకోండి. రాత్రి పది పదకొండుకు వీధి తలుపు వేసేస్తారా అనేది కూడా అదే మెయిల్‌లో అడిగేయండి.

తిండి దగ్గర శాకాహారులకు పెద్ద చిక్కుంది. కూరగాయల వంటకమే అయినా రసంలో ఎండుచేప మరిగించిన నీళ్లుంటాయి, దాన్ని దాషి అంటారు. "చేప ముక్క వద్దు" అంటే ముక్క తీసేస్తారు, రసం అదే ఉంటుంది. "చేప దాషి కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. గుళ్ల దగ్గర దొరికే షోజిన్ ర్యోరి అయితే టెన్షన్ లేదు, అది బౌద్ధ సన్యాసుల శాకాహారం. మేం మాత్రం కన్వీనియన్స్ స్టోర్‌లో తెల్లన్నం కొని, అక్కడే వేడి చేయించుకుని, ఇంటినుంచి తెచ్చిన శనక్కాయల పొడి కలుపుకున్నాం. ఆ ట్రిప్పులో అమ్మ కడుపునిండా తిన్నది అదే.

వెళ్లాక గది నచ్చకపోతే సామాను విప్పకముందే చెప్పండి, ఫొటోలు తీయండి, మాట్లాడిందంతా బుకింగ్ యాప్ మెసేజ్‌లో కూడా పెట్టండి. రెండోరోజు చెబితే "నిన్న ఉన్నారుగా" అంటారు. గొంతు పెంచి లాభం లేదు, వాళ్లు నవ్వుతూ తల వంచుతారు, పని మాత్రం జరగదు. చిన్న కోరికలైతే వెంటనే తీరుస్తారు. ఇంకో పరుపు అడిగితే ఇచ్చారు, రెండు పరుపులు ఒకదానిమీద ఒకటి వేశాక అమ్మ లేవడం కాస్త తేలికైంది.

మూడోరోజు పొద్దున మిగతా రెండు రాత్రుల డబ్బు వదులుకుని స్టేషన్ దగ్గర బిజినెస్ హోటల్‌కి మారిపోయాం. గది అగ్గిపెట్టెంతే, కానీ మంచం, వేడినీళ్లు, లోపల గడియ ఉన్న స్నానాలగది ఉన్నాయి. మళ్లీ వెళ్తే బసంతా అలాంటి చోటే పెట్టుకుని, ఆ మిగిలిన డబ్బుతో ఒకే ఒక్క రాత్రికి రెండు పూటల భోజనంతో మంచి రియోకాన్ తీసుకుంటాను, అదీ ఫిబ్రవరిలో కాదు. అమ్మనడిగితే, "ఆ ఒక్కరాత్రి మీరు పోండి, నేను మంచమున్నకాడ ఉంటా" అంది.