కామిక్స్ చరిత్ర గురించి వినిపించే కథలను సరిచూడటం ఎలా

కామిక్స్ చరిత్రలో చెలామణీ అయ్యే కథల్లో పచ్చి అబద్ధాలు తక్కువ. చాలావరకు అవి ఒక నిజమైన సంచిక చుట్టూనో, ఒక నిజమైన మనిషి చుట్టూనో అల్లుకున్నవే, కాబట్టి తప్పు దొర్లేది ఎక్కువగా "ఎందుకు జరిగింది" అన్న దగ్గరే. అందుచేత ఒక కథ చెవిన పడినప్పుడు అది నిజమా కాదా అని గంపగుత్తగా తేల్చే ప్రయత్నం చేయకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎంత డబ్బు, ఏ కారణం అని దానిని విడదీసుకుని, ఒక్కోదానికి సాక్ష్యం వేరుగా వెతకాలి.

సూపర్‌మ్యాన్ సృష్టికర్తలైన జెర్రీ సీగెల్, జో షుస్టర్‌లకు 130 డాలర్లు మాత్రమే ముట్టాయనే కథ దీనికి మంచి ఉదాహరణ. 1938 మార్చి 1 తేదీ గల ఆ చెక్కు నిజంగానే ఉంది. 2012లో జరిగిన వేలంలో అది 1,60,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అయితే చెక్కు మొత్తం 412 డాలర్లు. అందులో సూపర్‌మ్యాన్ పద్దు కింద రాసినది 130, అంటే 13 పేజీలకు పేజీకి పది డాలర్ల లెక్క. మిగిలినది వారు అదే ప్రచురణకర్తకు చేసిన ఇతర పనికి ఇచ్చిన సొమ్ము. హక్కులన్నీ ఆ ధరకే చేజారాయన్నది నిజం, అది అన్యాయమే. కానీ ఆ తరువాత వారికి ఇక ఏమీ దక్కలేదన్నది నిజం కాదు. వారు ఏళ్ల తరబడి పేజీల లెక్కన పారితోషికం తీసుకుంటూ ఆ పాత్రకు పని చేశారు, 1947లో కోర్టుకు వెళ్లారు, 1975లో ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్ల భృతితో పాటు సృష్టికర్తలుగా తమ పేర్లను కూడా తిరిగి సాధించుకున్నారు. కాగితం దొరికినప్పుడు దాని మీద ఉన్నదంతా చదవాలి, ప్రచారంలో ఉన్న ఒక్క అంకెను చూసి ఆగిపోకూడదు.

తేదీల విషయంలో మరో జాగ్రత్త అవసరం. అమెరికన్ కామిక్స్ ముఖచిత్రం మీద అచ్చయ్యే నెల ఆ సంచిక అమ్మకానికి వచ్చిన నెల కాదు. దుకాణంలో ఎక్కువ కాలం తాజాగా కనిపించాలనే ఉద్దేశంతో రెండు మూడు నెలలు ముందుకు జరిపి వేసేవారు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక మీద జూన్ 1938 అని ఉంటుంది కానీ అది ఏప్రిల్‌లోనే దుకాణాలకు చేరింది. కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ పగలగొట్టే ముఖచిత్రం అమెరికా యుద్ధంలో దిగాక పుట్టిన ప్రచారమని కొందరు రాస్తుంటారు. ఆ సంచిక మీది తేదీ మార్చి 1941, అమ్మకానికి వచ్చినది 1940 డిసెంబరులో, అంటే అమెరికాను యుద్ధంలోకి దించిన పెర్ల్ హార్బర్ దాడికి దాదాపు ఏడాది ముందే. ఈ ఒక్క లెక్కతోనే ఆ వాదన కూలిపోతుంది. అమ్మకపు తేదీల కోసం గ్రాండ్ కామిక్స్ డేటాబేస్‌ను, కాపీరైట్ నమోదు పట్టికలను చూడవచ్చు.

తరువాతి పని, ఆ కథను మొదట ఎవరు, ఎప్పుడు చెప్పారో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లడం. మార్వెల్ అధిపతి మార్టిన్ గుడ్‌మన్, సూపర్‌మ్యాన్‌ను ప్రచురించే డీసీ సంస్థ అధిపతి జాక్ లీబోవిట్జ్ కలిసి గోల్ఫ్ ఆడుతుండగా డీసీ సూపర్‌హీరోల జట్టు కథలైన జస్టిస్ లీగ్ ఎంత బాగా అమ్ముడుపోతున్నదో లీబోవిట్జ్ గొప్పలు చెప్పాడని, అది విని గుడ్‌మన్ తన సంపాదకుడు స్టాన్ లీకి అలాంటి జట్టును తయారుచేసే పని పురమాయించగా 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ పుట్టిందని ఎన్నో వ్యాసాల్లో కనిపిస్తుంది. స్టాన్ లీ 1974 నాటి పుస్తకంలో చెప్పినది చూస్తే, జస్టిస్ లీగ్ బాగా అమ్ముడవుతున్నట్టు తాను గమనించానని గుడ్‌మన్ అన్నాడనే ఉంది. గోల్ఫ్ ఊసు లేదు. కొందరు ఈ కథలో లీబోవిట్జ్‌కు బదులు పేర్కొనే డీసీ అధికారి ఇర్విన్ డోనెన్‌ఫెల్డ్ అయితే తాను గుడ్‌మన్‌తో ఎన్నడూ గోల్ఫ్ ఆడలేదన్నాడు. అయినా ఈ కథ నిలిచిందంటే దానికొక ఆధారం లేకపోలేదు: 1957 తరువాత గుడ్‌మన్ పత్రికలను దుకాణాలకు చేరవేసినది డీసీ వారి సొంత పంపిణీ సంస్థే కాబట్టి, పోటీదారు అమ్మకాల కబురు అతని చెవిన పడటంలో వింత లేదు. కనుక జస్టిస్ లీగ్ విజయమే ప్రేరణ అన్న భాగాన్ని ఉంచి, గోల్ఫ్ మైదానాన్ని పక్కన పెట్టడం సబబు.

చెప్పినవాడు ఎంత గౌరవనీయుడైనా అతని జ్ఞాపకాన్ని అదే కాలపు కాగితంతో పోల్చి చూడవలసిందే. ప్రసిద్ధ కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్ ఉదంతం కంటే ఇందుకు గట్టి నిదర్శనం నాకు కనిపించలేదు. 1939లో విక్టర్ ఫాక్స్ అనే ప్రచురణకర్త కోసం ఐస్నర్ వండర్ మ్యాన్ అనే పాత్రను తయారుచేశాడు. అది సూపర్‌మ్యాన్‌కు నకలని డీసీ వెంటనే దావా వేసింది. అబద్ధం చెప్పమని ఫాక్స్ ఒత్తిడి చేసినా తాను సాక్షి బోనులో నిజమే చెప్పానని, సూపర్‌మ్యాన్ లాంటిది కావాలని ఫాక్సే అడిగాడని ఒప్పుకున్నానని, దానితో తనకు రావలసిన డబ్బు కూడా పోయిందని ఐస్నర్ దశాబ్దాల పాటు చెబుతూ వచ్చాడు. 1986లో తాను గీసిన గ్రాఫిక్ నవలలో పేర్లు మార్చి ఆ ఘట్టాన్ని బొమ్మలుగా కూడా వేశాడు. కామిక్స్ రంగపు ప్రతిష్ఠాత్మక అవార్డులకే తన పేరు పెట్టించుకున్న మనిషి మాట కనుక దానిని ఎవరూ శంకించలేదు. ఆయన మరణించిన అయిదేళ్లకు, 2010లో, పరిశోధకుడు కెన్ క్వాట్రో ఆ విచారణ నాటి వాంగ్మూలాన్ని వెలుగులోకి తెచ్చాడు. అందులో ఐస్నర్ చెప్పినది పూర్తిగా వేరు: వండర్ మ్యాన్ తన సొంత ఊహేనని, అది సూపర్‌మ్యాన్‌కు నకలు కాదని ఆయన ప్రమాణం చేసి చెప్పాడు. ఫాక్స్ ఎలాగూ ఓడిపోయాడు, 1940లో అప్పీలులోనూ ఓడిపోయాడు.

దీనిని చదివి ఐస్నర్‌ను అబద్ధాలకోరు అనడం తొందరపాటు అవుతుంది. అప్పటికి ఆయన వయసు 22. ఎదురుగా ఉన్నది తన సంస్థకు పని ఇచ్చే పెద్ద ఖాతాదారు. తాను ఎలా నడుచుకొని ఉండవలసిందో అదే తరువాతి కాలంలో జ్ఞాపకంగా స్థిరపడి ఉండవచ్చు. అయితే పరిశీలకుడికి కావలసిన నియమం మాత్రం స్పష్టం: చరిత్ర కోసం చెప్పిన మాట కంటే, మరో అవసరం కోసం ఆనాడే తయారైన కాగితానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. చెక్కులు, కోర్టు వాంగ్మూలాలు, కాపీరైట్ నమోదులు, తపాలా రాయితీ నిబంధన ప్రకారం పత్రికలు ఏటా అచ్చు వేసిన సర్క్యులేషన్ లెక్కలు ఈ కోవలోకి వస్తాయి.

కారణాన్ని, ఫలితాన్ని తారుమారు చేసే కథలను కూడా కనిపెట్టాలి. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘం కామిక్స్ మీద విచారణ జరిపింది కనుక ప్రభుత్వమే భయానక కామిక్స్‌ను నిషేధించిందని చాలామంది నమ్ముతారు. వాస్తవానికి వాటిని అణచినది కామిక్స్ కోడ్, అది చట్టం కాదు. ఆ ఏడాది ప్రచురణకర్తలే సంఘంగా ఏర్పడి తమకు తాము విధించుకున్న నియమావళి. దాని ముద్ర లేని పత్రికను పంపిణీదారులు తీసుకోకపోవడమే దానికి బలం. పేరున్న డెల్ సంస్థ అందులో చేరనే లేదు. మ్యాడ్ అనే హాస్య పత్రిక ఆ కోడ్‌ను తప్పించుకోవడానికే 1955లో కామిక్ రూపం వదిలి పెద్ద పత్రికగా మారిందన్నది దీనికి తోబుట్టువు లాంటి కథ. సంపాదకుడు హార్వీ కర్ట్జ్‌మన్ మరో పత్రికకు వెళ్లిపోకుండా నిలుపుకోవడానికే అలా మార్చానని ప్రచురణకర్త విలియం గేన్స్ స్వయంగా చెప్పాడు. కోడ్ పరిధి నుంచి బయటపడటం ఆ మార్పు వల్ల కలిగిన లాభం మాత్రమే.

వీలైనప్పుడల్లా పునర్ముద్రణను కాకుండా మొదటి ముద్రణనే చూడాలి. 1962లో వచ్చిన హల్క్ మొదటి సంచికలో అతని ఒంటి రంగు బూడిద రంగు. తరువాతి పునర్ముద్రణల్లో ఆకుపచ్చ వేశారు కనుక వాటిని మాత్రమే చదివినవారికి ఆ నిజమే పుకారులా తోస్తుంది. హక్కుల గడువు ముగిసిన పాత అమెరికన్ కామిక్స్ స్కాన్‌లు డిజిటల్ కామిక్ మ్యూజియంలో ఉచితంగా దొరుకుతాయి.

ఇదే పద్ధతిని తెలుగులోనూ వచ్చిన అమర్ చిత్ర కథ మీద ప్రయోగించవచ్చు. 1967లో దూరదర్శన్ క్విజ్‌లో గ్రీకు పురాణాల ప్రశ్నకు జవాబిచ్చిన పిల్లలు రాముడి తల్లి పేరు చెప్పలేకపోవడం చూసి అనంత్ పాయ్ ఈ మాలికను తలపెట్టారని అందరూ వినే ఉంటారు. అది ఆయన నోట వచ్చిన మాటే. అయితే భారతీయ కథతో వచ్చిన తొలి పుస్తకం "కృష్ణ" సంఖ్య 1 కాదు, 11. దానికి ముందరి పది విదేశీ పిల్లల కథలు. ఈ మాలిక మొదట బెంగళూరులో కన్నడంలో మొదలైందన్న వాదన కూడా ఉంది. ఇంట్లో పాత సంచికలున్నవారు వాటి అట్ట వెనుక అచ్చు వేసిన శీర్షికల పట్టికనూ, ముద్రణ సంవత్సరాన్నీ ముందు చూసి, ఆ తరువాతే క్విజ్ కథ ఈ క్రమంలో ఎక్కడ ఇముడుతుందో నిర్ణయించుకోవాలి.