వెలిగించిన క్యాండిల్ వాసన గదిలోకి రాకపోతే: లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి

మూత తీస్తే గుప్పుమంటుంది. వెలిగించి గంట దాటినా గదిలో ఏమీ తెలియదు. ఇంట్లో జార్ క్యాండిల్స్ పోసేవాళ్లు ఎక్కువగా చెప్పుకునే బాధ ఇదే. అప్పుడు చాలామందికి ముందుగా తట్టే ఉపాయం, ఈసారి వాసన కోసం మైనంలో కలిపే ఫ్రాగ్రెన్స్ ఆయిల్ ఇంకాస్త ఎక్కువ పోద్దామని.

నేనూ మొదట్లో అదే దారి పట్టాను. ఒక లావెండర్ జార్‌కి మైనం బరువులో 12 శాతం దాకా ఆయిల్ పోశాను. మర్నాడు చూస్తే మైనం మీద సన్నటి నూనె చుక్కలు, చెమట పట్టినట్టు. వేలితో తాకితే జిడ్డు. వెలిగిస్తే మంట చిటపటలాడింది, వత్తి చుట్టూ చిన్న గుంట పడింది, అరగంటలో మంట ఆ గుంటలోనే మునిగి ఆరిపోయింది. వాసన పక్క కుర్చీ దాకా కూడా రాలేదు. తర్వాత అదే ఆయిల్‌ని 8 శాతానికి తగ్గించి, వత్తి ఒక సైజు పెంచి, రెండు వారాలు ఆగి వెలిగిస్తే తలుపు బయట నిలబడ్డవాళ్లకు తెలిసింది.

ఆయిల్ ఎంత మంచిదైనా, దాన్ని మైనంలోంచి గాలిలోకి లేపేది వేడి. వెలిగించాక వచ్చే వాసనంతా వత్తి చుట్టూ కరిగిన మైనం మడుగు పైభాగం నుంచి లేస్తుంది. ఆ మడుగు వెడల్పు, లోతు, వేడి సరిగ్గా లేకపోతే ఎంత ఆయిల్ పోసినా గట్టిపడిన మైనంలోనే ఉండిపోతుంది. అందుకే నేను ఆయిల్ సీసా జోలికి అన్నిటికన్నా చివర వెళ్తాను.

ముందు మీ ముక్కు సంగతి

ఒకే గదిలో కూర్చుని ఒకే వాసన పీలుస్తూ ఉంటే కొన్ని నిమిషాల్లోనే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ రోజే ఆ ఆయిల్‌తో పని చేసి ఉంటే మరీనూ. క్యాండిల్ వెలిగించి, తలుపు దగ్గరగా వేసి, బయటికి వెళ్లి పావుగంట, ఇరవై నిమిషాలు వేరే గాలి పీల్చి రండి. తలుపు తీసిన మొదటి క్షణంలో ఏం తెలిసిందో అదే అసలు లెక్క. కుదిరితే ఇది పోసిన రోజు మీతో లేని మనిషిని లోపలికి పంపి, ఏమీ చెప్పకుండా అడగండి.

గది కూడా చూసుకోండి. పెద్ద హాల్లో, ఫ్యాన్ కింద, తెరిచిన కిటికీ పక్కన చిన్న జార్ పెడితే వాసన నిలవదు. అదే జార్ చిన్న గదిలో బాగుంటే క్యాండిల్‌లో లోపం లేదు. పెద్ద గదికి ఒకటి బదులు రెండు మూలల్లో రెండు జార్లు పెట్టడం మేలు.

మూత తీస్తే బాగుంది, వెలిగిస్తే లేదు

చల్లగా ఉన్నప్పుడు వాసన వస్తోందంటే మైనంలో ఆయిల్ ఉన్నట్టే. ఇక మొదట అనుమానించాల్సింది వత్తినే.

వెలిగించి గడియారం చూడండి. జార్ లోపలి వ్యాసంలో ప్రతి 2.5 సెంటీమీటర్లకు సుమారు ఒక గంట చొప్పున లెక్క వేసుకోవచ్చు. 7.5 సెంటీమీటర్ల జార్‌కి మూడు గంటలు. ఆ సమయానికి మడుగు దాదాపు అంచు దాకా వెళ్లాలి, లోతు 6 నుంచి 12 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. చుట్టూ వేలెడు మందాన గట్టి మైనం గోడలా మిగిలిపోయి, మంట మధ్యలో బావి తవ్వుకుంటూ దిగుతుంటే వత్తి చిన్నది. దీన్నే టన్నెలింగ్ అంటారు.

అయితే మొదటిసారి అంచున పలుచటి పొర మిగిలితే కంగారుపడి వత్తి మార్చేయకండి. మంట కిందికి దిగే కొద్దీ జార్ గోడల మధ్య వేడి నిలుస్తుంది, ఆ పొర తనంతట తానే కరుగుతుంది. అసలు జార్ నిండుగా ఉన్నప్పుడే గంటలో అంచు దాకా కరిగించేసే వత్తి సగం దిగేసరికి మరీ వేడెక్కుతుంది. కాబట్టి ఏ వత్తినైనా జార్ అడుగు దాకా కాల్చి చూశాకే తీర్పు చెప్పాలి. ఇందులో తొందరపడి నేను చాలా మైనం వృథా చేశాను.

పరిష్కారానికి ఒకే జార్, ఒకే మైనం, ఒకే ఆయిల్ తీసుకుని మూడు క్యాండిల్స్ పోయండి. ఒకదానికి మీ వ్యాసానికి తయారీదారు చెప్పిన వత్తి, ఒకదానికి దానికన్నా ఒక సైజు చిన్నది, ఇంకొకదానికి ఒక సైజు పెద్దది. పెట్రోలియం నుంచి వచ్చే పారాఫిన్ మైనంతో పోలిస్తే, సోయా నూనెతో చేసే సోయా మైనానికి సాధారణంగా పెద్ద వత్తే కావాలి. పారాఫిన్‌కి కుదిరిందని అదే వత్తి సోయాలో పెట్టడం వల్ల వాసన రాక నిరాశపడేవాళ్లు ఎంతోమంది. జార్ 9, 10 సెంటీమీటర్లు దాటితే ఒక్క లావు వత్తి కన్నా రెండు సన్నవి పెడితే మడుగు సమంగా పరుచుకుంటుంది.

వత్తి సైజు సరైనదే అయినా మంట చిన్నబోతుంటే రంగు మీద కన్నేయండి. పిల్లలు బొమ్మలు వేసే క్రేయాన్లు, మెరుపు కోసం వేసే మైకా పొడి లాంటివి మైనంలో కరగవు. సన్నటి రేణువులుగా మిగిలి వత్తి దారాల్లో ఇరుక్కుంటాయి, మైనం పైకి ఎక్కదు. నూనెలో కరిగే క్యాండిల్ రంగులే వాడండి.

మూత తీసినా లేదు, వెలిగించినా లేదు

ముందు ఒక్క మాట అడగండి: పోసి ఎన్ని రోజులైంది? సోయా మైనం చేతికి గట్టిగా తగిలినా లోపల దాని స్ఫటికాల అమరిక ఇంకా కొన్ని రోజులు మారుతూనే ఉంటుంది. మర్నాడు వెలిగించి వాసన లేదనుకున్న జార్, రెండు వారాల తర్వాత వేరే క్యాండిల్ లాగా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. సోయాకి రెండు వారాలు, పారాఫిన్‌కి మూడు నుంచి అయిదు రోజులు ఇవ్వండి. మూత పెట్టి, ఎండ తగలని చల్లటి చోట ఉంచండి. డబ్బు ఖర్చు లేని పరిష్కారం ఇదొక్కటే, అందరూ దాటేసేదీ ఇదే.

గడువు అయ్యాకా లేదంటే కొలత చూద్దాం. ఆయిల్‌ని చెంచాలతోనో, మిల్లీలీటర్లతోనో కొలుస్తున్నారా? ఒక్కో ఆయిల్ సాంద్రత ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ కొలత నిలవదు. గ్రాముల్లో తూకం వేయండి. 200 గ్రాముల మైనానికి 8 శాతం అంటే 16 గ్రాములు. చాలా జార్ మైనాలు 6 నుంచి 10 శాతం దాకా తీసుకుంటాయి. కచ్చితమైన గరిష్ఠ పరిమితి ఆ మైనం తయారీదారు ఇచ్చిన వివరాల్లో ఉంటుంది. జార్‌లో ఎంత మైనం పడుతుందో తెలియకపోతే, పోయదలచుకున్న మట్టం దాకా నీళ్లు నింపి, ఆ నీటి బరువును 0.86తో గుణించండి. సోయాకి ఇది దగ్గరి లెక్క. తర్వాత జార్‌ని చుక్క తడి లేకుండా ఆరబెట్టాలి.

మరో కారణం, కలిపిన వేడి. మైనం చల్లబడి చిక్కబడ్డాక ఆయిల్ పోస్తే సరిగ్గా కలవదు, అడుగుకు దిగిపోతుంది. సోయాలో సుమారు 85 డిగ్రీల సెల్సియస్ దగ్గర పోసి, పూర్తిగా రెండు నిమిషాలు నెమ్మదిగా, అడుగు తాకేలా తిప్పాలి. బుడగలు లేచేంత గట్టిగా గిలకొట్టాల్సిన పని లేదు. బాగా కలిసిందో లేదో గిన్నె అడుగు చెబుతుంది. జార్‌లోకి వంచాక చివర మిగిలిన మైనాన్ని వెలుతురుకు పట్టి చూడండి. నూనె చారలు చారలుగా విడిగా జారుతుంటే కలవలేదన్నట్టే.

సీసా మీద ఫ్లాష్ పాయింట్ 70 డిగ్రీలని చూసి, 85 దగ్గర పోస్తే వాసనంతా ఆవిరైపోతుందని చాలామంది టెన్షన్ పడతారు. ఫ్లాష్ పాయింట్ అర్థం అది కాదు. ఆయిల్ పైన లేచే ఆవిరి, మంట తగిలితే అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత అది. అంటే అది నిప్పు విషయంలో జాగ్రత్త, వాసన విషయంలో హద్దు కాదు. ఆ జాగ్రత్త మాత్రం తప్పకుండా పాటించండి. మైనాన్ని నేరుగా మంట మీద కాకుండా నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి, స్టవ్ ఆపి పక్కకు తెచ్చాకే ఆయిల్ పోయండి, గిన్నె వదిలి వెళ్లకండి. మైనం అంటుకుంటే నీళ్లు చల్లకూడదు, మూత వేసి స్టవ్ ఆపేయాలి. ఆయిల్ కలిపాక గంటల తరబడి వేడి మీద ఉంచితే మాత్రం వాసన నిజంగానే తగ్గుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, ఇక సీసాలో ఉన్నదేమిటో చూడాలి. ఒంటికి రాసుకునే పెర్ఫ్యూమ్‌లో ఎక్కువ భాగం ఆల్కహాల్, అది క్యాండిల్‌లో ప్రమాదం కూడా. సీసాలో పుల్లలు ముంచి గదికి వాసన ఇచ్చే డిఫ్యూజర్ కోసం పలుచన చేసిన ఆయిల్ మైనంలో సరిగ్గా కలవదు. క్యాండిల్స్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి.

మొదట బాగా వచ్చింది, రానురాను తగ్గింది

ఇక్కడ మంటనే గమనించండి. రోజుకు రోజు చిన్నబోతుంటే వత్తి మూసుకుపోతోంది. రంగు రేణువులో, పరిమితి దాటిన ఆయిలో కారణం. మంట బాగానే ఉంటే, వాడనప్పుడు జార్ మూత లేకుండా ఎండలోనో, ఫ్యాన్ కిందో ఉందేమో గుర్తు చేసుకోండి. పైపొరలోని తేలిక వాసనలు ముందు ఎగిరిపోతాయి. ఇంకోటి, మూతి బాగా సన్నగా ఉన్న జార్‌లో మంట కిందికి దిగే కొద్దీ గాలి చాలదు, మంట నీరసిస్తుంది. దానికి జార్ మార్చడం తప్ప వేరే దారి నాకు దొరకలేదు.

వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని 5, 6 మిల్లీమీటర్లకు కత్తిరించండి. ఒకసారికి నాలుగు గంటలు మించి కాల్చవద్దు. అడుగున 12 మిల్లీమీటర్ల మైనం మిగిలినప్పుడు ఆపేయాలి.

మైనం మీద నూనె చెమట

నా లావెండర్ జార్ కథ ఇది. మైనం మోయగలిగినంతకన్నా ఎక్కువ ఆయిల్ పడింది. ఈ క్యాండిల్‌ని వెలిగించకండి. విడిగా చేరిన నూనె ఒక్కసారిగా అంటుకోవచ్చు. పారేయాల్సిన పని కూడా లేదు. వత్తి తీసేసి, కరిగించి, ఉత్త మైనం కలపండి. 200 గ్రాముల మైనంలో 24 గ్రాముల ఆయిల్ పోసి ఉంటే, ఇంకో 100 గ్రాముల మైనం కలిపితే 8 శాతానికి వస్తుంది.

వాసన వస్తోంది, కానీ మాడు వాసన

వత్తి మరీ పెద్దది. మంట ఎత్తుగా ఎగురుతుంది, కొసన పుట్టగొడుగులా నల్లటి బొడిపె కడుతుంది, జార్ అంచుకు మసి పడుతుంది, గాజు పట్టుకోలేనంత కాలుతుంది. వేడి ఎక్కువై ఆయిల్ గాలిలోకి లేచే బదులు మంటలో కాలిపోతోంది. వాసన చాలక వత్తి పెంచుకుంటూ పోయినవాళ్లు చివరికి చేరేది ఇక్కడికే. ముందు వత్తి కత్తిరించి చూడండి, తగ్గకపోతే ఒక సైజు దిగండి.

ఒక సెంట్ అదిరిపోతోంది, ఇంకోటి అసలు లేదు

అన్నీ అవే పాళ్లు, అదే వత్తి, అయినా నిమ్మ, నారింజ జాతి వాసనలు త్వరగా తేలిపోతాయి. అవి తేలిక అణువులు, తొందరగా ఎగిరిపోతాయి. చెక్క, వెనిల్లా, కస్తూరి లాంటి బరువైన వాసనలు నిలుస్తాయి. నిమ్మ ఆయిల్‌లో నాలుగో వంతు తగ్గించి, ఆ మేరకు ఏదైనా చెక్క వాసన కలిపితే నాకు మంచి ఫలితం వచ్చింది. నిమ్మ నిమ్మలాగే ఉంటుంది, కానీ గదిలో నిలబడుతుంది. వెనిల్లా వాసననిచ్చే వెనిల్లిన్ ఉన్న ఆయిల్స్ మైనాన్ని గోధుమ రంగులోకి తిప్పుతాయి, అది లోపం కాదు. ఆయిల్ మారితే వత్తి అవసరం కూడా మారవచ్చు కాబట్టి, కొత్త సెంట్ వచ్చిన ప్రతిసారీ ఆ మూడు వత్తుల పరీక్ష మళ్లీ చేయాల్సిందే.

పరీక్ష జరిగినన్నాళ్లు ఒకసారికి ఒక్కటే మార్చండి. వత్తి మార్చిన రోజు ఆయిల్ శాతం ముట్టుకోవద్దు. ప్రతి జార్ అడుగున ఒక చిన్న కాగితం అంటించి మైనం పేరు, ఆయిల్ గ్రాములు, కలిపిన వేడి, వత్తి సైజు, పోసిన తేదీ రాయండి. వెలిగించిన రోజు, గంట గంటకూ మడుగు ఎంత దూరం వెళ్లిందో స్కేలుతో కొలిచి ఆ తేదీ కిందే రాయండి.